మానుకోట నుండి ఎడిన్‌బరోకు, మళ్లీ భూపాలపల్లికి

మా గదిలో రెండు వారాలుగా పెట్టెలు తెరిచే ఉన్నాయి. ఒకరోజు సర్దుతాం. మరునాడు త్రాసు మీద పెట్టి, బరువు ఎక్కువైందని సగం తీసి మంచం మీద పోస్తాం. పుస్తకాలా, చలికోట్లా అన్న వాదన ఇంకా తేలలేదు. భూపాలపల్లి ఎండలో చలికోటు ఎందుకని ఒకరు, పాప గుర్తుగా దాచుకుంటుందని ఒకరు. ఈ మూడు సంవత్సరాలలో ప్రభువు కృపను బట్టి మాకు దేనికీ కొదువ లేకపోయింది గాని, ఉన్నవాటిలో ఏది వదలాలో తెలుసుకోవడం మాత్రం ఇంత కష్టమని అనుకోలేదు.

స్కాట్లండు దేశపు రాజధాని ఎడిన్‌బరో నుండి మేము స్వస్థలానికి తిరిగి వెళుతున్నాం, పిల్లలకు పాఠాలు చెప్పడానికి. ఈ మాట చెప్పగానే ఇక్కడి తెలుగువారూ, అక్కడి బంధువులూ ఒకే ప్రశ్న వేస్తున్నారు. వీసా అయిపోయిందా? ఏదైనా ఇబ్బంది వచ్చిందా? రెండూ కాదంటే నమ్మరు. అందుకే ఈ పత్రికవారు నాలుగు పుటలు రాయమని అడిగినప్పుడు, అందరికీ కలిపి ఒకేసారి జవాబు చెప్పవచ్చునని ఒప్పుకున్నాం. ఇద్దరం కలిసి రాస్తున్నాం గనుక, ఒకరిని గూర్చి విడిగా చెప్పవలసినచోట 'భార్య', 'భర్త' అనే రాస్తాం. చదువరులు మన్నించాలి.

మాలో భార్యది జనగామ. ఆమె తండ్రిగారు ప్రెస్టన్ బడిలో చదువుకొని, తానూ బడిపంతులై, పదవీ విరమణ చేశారు. భర్త తల్లిదండ్రులది మానుకోట దగ్గర పల్లె. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా, మా నోట మానుకోటే వస్తుంది. మామగారు సింగరేణిలో బొగ్గుగని కార్మికుడిగా భూపాలపల్లిలో ముప్పై ఏళ్లు చేశారు. 2016 అక్టోబరులో వరంగల్లు జిల్లాను విడదీసినప్పుడు మా బంధువర్గమంతా ఒక్కరోజులో మూడు జిల్లాలవాళ్లమయ్యాం. మేమిద్దరం భూపాలపల్లిలో ఒకే బడిలో పనిచేశాం. ఆమె మూడవ తరగతి ఉపాధ్యాయిని, ఆయన పెద్ద తరగతులకు లెక్కలు.

చదువుకోవడానికి వచ్చింది ఆమె. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మోరే హౌస్ అనే విద్యాశాస్త్ర విభాగం ఉంది. 1848 నుండి అక్కడ ఉపాధ్యాయులను తయారుచేస్తున్నారు. మొదలుపెట్టింది స్కాట్లండు ఫ్రీ చర్చి వారు. ఒక సంవత్సరపు ఎం.ఎస్సీ. కోర్సులో ఆమెకు ప్రవేశం దొరికింది. భర్త, నాలుగేళ్ల పాప ఆమె మీద ఆధారపడినవారిగా 'డిపెండెంటు' వీసా మీద వచ్చారు.

ఈ డిపెండెంటు అన్న మాట మా ఇంట్లో పెద్ద నవ్వులాట అయింది. సింగరేణి ఊళ్లలో డిపెండెంటు అంటే వేరే అర్థం. గనిలో పనిచేసిన తండ్రి అనారోగ్యంతో తప్పుకుంటే కొడుక్కి వచ్చే ఉద్యోగం అది. మామగారు ఆ ఉద్యోగం చిన్నకొడుక్కి ఇప్పిద్దామనుకుంటే ఈయన బి.ఇడి. చేస్తానని వద్దన్నారు. అది అన్నగారికి పోయింది. ఎయిర్‌పోర్టుకు బయలుదేరే రోజు మామగారు, "అయ్య డిపెండెంటు వద్దంటివి. ఇప్పుడు పెండ్లాం డిపెండెంటువైతివా బిడ్డా!" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. మానుకోట భూమి ఎకరంన్నర బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చింది ఆయనే. మైనారిటీ విద్యార్థులకు మన రాష్ట్ర ప్రభుత్వం విదేశీ విద్యకు ఇరవై లక్షల వరకు సహాయం ఇస్తుందనీ, ఎస్సీ ఎస్టీ పిల్లలకు అంబేద్కర్ పేరున అలాంటిదే ఉందనీ మాకు తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది. తప్పు మాదే. మన సంఘాల్లో యౌవనస్థులున్న ఇళ్లవాళ్లు ఏజెంటు దగ్గరకు వెళ్లకముందే ఈ సంగతి కనుక్కోండి. ఇంకొకటి, 2024 జనవరి నుండి మొదలైన మామూలు ఎం.ఎస్సీ. కోర్సులకు భార్యాభర్తలను, పిల్లలను వెంట తెచ్చుకునే వీలు ఇక్కడ లేదు. మేము 2022 సెప్టెంబరులో రాబట్టి సరిపోయింది.

మొదటి చలికాలం మామీద చాలా బరువుగా గడిచింది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. భార్య లైబ్రరీలో, భర్త ఒక హోటలు వెనుక గదిలో గిన్నెలు కడుగుతూ, ఇద్దరూ చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చేవారు. తరగతిలో ఆమెకు వచ్చిన మొదటి కష్టం ఇంగ్లీషు కాదు, గురువుగారిని పేరు పెట్టి పిలవాలి! ఇక్కడ అది పద్ధతి. "సర్" అంటే ఆయన నవ్వి, నా పేరు అది కాదు అనేవారు. ఆమె సారు అనలేక, పేరు అనలేక, రెండు నెలలు ఏమీ పిలవకుండానే గడిపింది. మొదటి వ్యాసం రాసి ఇస్తే ఆయన ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇందులో ఎవరెవరు ఏమన్నారో బాగా రాశావు, నీకేమనిపించిందో ఎక్కడా లేదే అని అడిగారు. ఒకటవ తరగతి నుండి బి.ఇడి. దాకా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. తాను పాఠం చెప్పిన ఆరేళ్లలో ఆమె కూడా ఏ పిల్లవాణ్ణీ అడగలేదు. ఆ రాత్రి ఈ సంగతి మాట్లాడుకుంటూ చాలాసేపు మేలుకొని ఉన్నాం.

బయలుదేరేటప్పుడు మామగారు ఒక పని అప్పగించారు. "ఎడిన్‌బరో పోతున్నరు గద. అజరయ్యగారు నిలబడి మాట్లాడిన తావు సూసి రాండ్రి." ఆయన తల్లికి బాప్తిస్మం ఇచ్చింది డోర్నకల్ నుండి వచ్చిన పాస్టరుగారు. మా పల్లెలో పాతవాళ్లు అజరయ్యగారి పేరు ఇంటి పెద్ద పేరు తలచుకున్నట్లే తలచుకుంటారు.

డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోనిదే. కాజీపేట–విజయవాడ లైనులో పోయేవాళ్లు జంక్షను పేరుగా దానిని ఎరుగుదురు గాని, లోకమంతటి క్రైస్తవ చరిత్రలో ఆ ఊరికి ఒక స్థానం ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 లో తమిళదేశపు తిరునెల్వేలి సీమలో ఒక పల్లెటూరి పాస్టరుగారి ఇంట పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. విదేశీ మిషనెరీలు మనకు సువార్త చెప్పినప్పుడు మనవాళ్లే మనవాళ్లకు ఎందుకు చెప్పకూడదని 1903 లో తిరునెల్వేలివారితో కలిసి ఇండియన్ మిషనెరీ సొసైటీని ప్రారంభించారు. ఆ సొసైటీ ఎన్నుకున్న పొలం నైజాం రాజ్యంలోని మానుకోట తాలూకా. 1909 లో అజరయ్యగారే గురువుగా అభిషేకం పొంది డోర్నకల్‌కు కాపురం వచ్చారు. ముప్పై అయిదేళ్ల వయస్సులో తెలుగు అక్షరాలు దిద్దారు.

మరుసటి సంవత్సరం, 1910 జూన్‌లో, ప్రపంచ మిషనెరీ మహాసభ ఈ ఎడిన్‌బరోలో జరిగింది. సుమారు పన్నెండు వందలమంది ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియా దేశాలవాళ్లు ఇరవైమందికి లోపే. అజరయ్యగారిని మాట్లాడమన్నారు. ఆయన మిషనెరీల త్యాగాన్ని, దానధర్మాన్ని మెచ్చుకున్నారు. ఆ పిమ్మట, ఆ సభలో ఎవరూ వినాలని అనుకోని సంగతి ఎత్తుకున్నారు. దొరలు మాకు జీతం ఇస్తారు, పని చెబుతారు, కాని తమ బల్లయొద్ద మాతో కూర్చొని అన్నం తినరు, మా ఇంటికి రారు అన్నారు. మాకోసం మీరు ఆస్తిని, శరీరాన్ని కూడా ధారపోశారు, ఇప్పుడు మేము అడిగేది స్నేహితులను అని ముగించారు. సభలో కొందరికి కోపం వచ్చింది, కొందరు తల దించుకున్నారు. ఆయన తిరిగి వచ్చి డోర్నకల్‌లోనే పని చేసుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు ఆయనే. 1920 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, బి.ఏ. పూర్తిచేయని ఆ మనిషికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆ సభ జరిగిన హాలు 'మౌండ్' అనే గుట్ట మీద, న్యూ కాలేజీ ఆవరణలో ఉంది. లోపల జాన్ నాక్స్‌గారి పెద్ద విగ్రహం చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. మేము పాపను ఎత్తుకొని ఒక వర్షపు శనివారం వెళ్లాం. తలుపు తాళం వేసి ఉంది. కిటికీలోంచి బల్లలు కనిపించాయి. ఇంకొకసారి, తెరిచిన రోజున వెళ్లి లోపల కూర్చున్నాం. మామగారికి వీడియో ఫోను చేసి చూపించాం. ఆయన మంచం మీద లేచి కూర్చొని, తల రుమాలు తీసి, "ఆయన ఏ మూల నిలబడ్డరో ఎరుకనా?" అన్నారు. మాకు ఎరుక లేదు. ఊరికే ముందువైపు చూపించాం.

ఆరోజు మాకు అజరయ్యగారి మీద గర్వం కలిగింది గాని, ఆయన అడిగింది మమ్మల్ని కూడా అడిగినట్లేనని తోచలేదు. అది తోచింది పాప బడి దగ్గర.

పాపను నర్సరీలో చేర్చిన మొదటి రోజు. దానికి అప్పటికి ఇంగ్లీషు ముక్క రాదు. గుమ్మం దగ్గర మా కాళ్లు పట్టుకొని ఏడుస్తోంది. అక్కడి టీచరు నేల మీద మోకాళ్లూని పాప ఎత్తుకు కూర్చొని, మాకు ఒక కాగితం ముక్క ఇచ్చింది. నీళ్లు కావాలంటే మీ భాషలో ఏమంటుంది, ఆకలైతే ఏమంటుంది, ఒంటికి వస్తే ఏమంటుంది, అమ్మ కావాలంటే ఏమంటుంది, నేను పలికేటట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి అంది. రాసిచ్చాం. ఆమె మూడు నాలుగుసార్లు తప్పుగా పలికి, మమ్మల్ని దిద్దమని, నేర్చుకొని, కాగితాన్ని కుళాయి పైన గోడకు అంటించింది. సాయంత్రం వెళ్లేసరికి ఆమె పాపతో "నీల్లు? నీల్లు?" అంటోంది. పాప నవ్వుతోంది.

దారిలో బస్సులో మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరికీ జ్ఞాపకం వచ్చింది ఒక్కడే.

భూపాలపల్లి అడవి వైపు గూడేలలో ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన గుత్తికోయల కుటుంబాలున్నాయి. 2005 తర్వాత అక్కడి హింసకు తాళలేక అడవి దాటి వచ్చారు. మిరప తోటల్లో కాయ ఏరి బ్రతుకుతారు. మన రాష్ట్రంలో వాళ్లకు గిరిజనులుగా గుర్తింపు కూడా లేదు. అలాంటి కుటుంబం నుండి ఒక బాబు ఉచిత సీటు మీద మా బడిలో మూడవ తరగతిలో చేరాడు. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. తరగతిలో ఇంగ్లీషు తప్ప వేరే మాట వస్తే రూపాయి జరిమానా అనే నియమం ఉండేది. బల్ల మీద ఒక రేకు డబ్బా. అలాంటి డబ్బాలు చాలా బడుల్లో ఉంటాయని మీలో చాలామందికి తెలుసు. మార్చి నెల, ఎండ. ఆ బాబు లేచి "ఏరు" అన్నాడు. మాకు తెలిసిన తెలుగులో ఏరు అంటే వాగు. బడి ఎగ్గొట్టి వాగుకు పోతాడట అని పిల్లలు పకపక నవ్వారు. టీచరు కూడా నవ్వింది. రూపాయి వెయ్యమంటే వాడి దగ్గర లేదు. గంట కొట్టేదాకా గుమ్మం బయట నిలబెట్టింది. మధ్యాహ్నం స్టాఫు రూములో ఆమె ఈ ముచ్చట చెబితే లెక్కల సారు కూడా నవ్వాడు. తర్వాత పది రోజులకు ఆ బాబు రావడం మానేశాడు. రిజిస్టరులో పేరు కొట్టేశాం. అంతే. మళ్లీ అడగలేదు.

ఆ నర్సరీ కాగితం తర్వాత భార్య లైబ్రరీలో బర్రో, ఎమెనో అనే పండితులు కూర్చిన ద్రావిడ భాషల నిఘంటువు తీసి చూసింది. 1961 లో మొదట అచ్చయిన గొప్ప గ్రంథం. తెలుగు ఏరు పక్కనే దాని తోబుట్టువులైన భాషల మాటలు వరుసగా ఉన్నాయి. తెలుగులో వాగుకు, నదికి చెప్పే మాట గోండు, కోయ భాషల్లో నీళ్లకు చెప్పే మాట. వాడు అడిగింది నీళ్లు!

మేము సండే స్కూలులో షిబ్బోలెతు కథ ఎన్నిసార్లో చెప్పాం. యొర్దాను రేవు దగ్గర ఒక మాట సరిగా పలకలేక నలభై రెండు వేలమంది చచ్చిపోయిన కథ. పిల్లలచేత ఆ మాట పలికించి నవ్వించేవాళ్లం కూడా. రేవులో కాపలా నిలబడింది మేమేనని ఎన్నడూ తలంచలేదు.

ఈ దేశంవాళ్లు మొదటినుండీ మంచివాళ్లని చదువరులు అనుకోవద్దు. ఆ మాట కూడా చెప్పాలి. జాన్ నాక్స్‌గారు, ఆయన సహచరులు 1560 లోనే ప్రతి సంఘానికి ఒక బడి ఉండాలని ప్రణాళిక రాశారు. 1696 లో ప్రతి పారిషులో బడి పెట్టి పంతులుకు జీతం ఇవ్వాలని చట్టం వచ్చింది. పేదవాడి కొడుకు కూడా బైబిలు చదవగలిగాడు. అది గొప్ప సంగతే. కాని ఉత్తరపు కొండల్లో, దీవుల్లో గేలిక్ భాష మాట్లాడే పిల్లలకు అదే బడి శిక్షాస్థలమైంది. ఇంటి భాష పలికినందుకు దెబ్బలు తిన్న పిల్లలున్నారు. 1872 విద్యాచట్టంలో ఆ భాష ఊసే లేదు. తరాలు గడిచాక, మాట్లాడేవాళ్లు కరిగిపోయాక, 2005 లో ఆ భాషను కాపాడుకోవడానికి చట్టం చేసుకున్నారు. 2013 లో ఎడిన్‌బరోలోనే కేవలం గేలిక్ మాధ్యమపు ప్రాథమిక పాఠశాల తెరిచారు. భార్య తన పరిశోధన వ్యాసం కోసం ఇవన్నీ చదివింది. నర్సరీ టీచరు మోకాళ్ల మీద కూర్చోవడం వెనుక ఇంత పాఠం ఉంది. మనం కూడా అన్ని తరాలు ఆగాలా అన్నది ఆమె ప్రశ్న. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లలకు మొదటి చదువు ఎలా నేర్పాలన్నదే ఆ వ్యాసం. 2023 ఆగస్టులో రాసి ఇచ్చింది. మంచి మార్కులే వచ్చాయి. వాటిని చూసి సంతోషించే స్థితిలో ఆమె లేదు.

కోర్సు తర్వాత రెండేళ్లు పనిచేసుకొనే వీసా దొరికింది. అప్పు తీర్చడానికి ఉన్నాం. భర్త అప్పటికి గిన్నెల పని మాని వృద్ధుల ఆశ్రమంలో చేరాడు. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం. మన ఊళ్లో ఈ పని చెబితే బి.ఇడి. చదివి ఇదా అంటారు. ఆ పనిలో ఆయనకు ఒక పెద్దాయన దొరికాడు. ఎనభై దాటాయి. ఎడిన్‌బరో పక్కన లోథియన్ సీమ బొగ్గుగనుల్లో పనిచేసినవాడు. ఆయన చేతుల మీద, వీపు మీద నీలిమచ్చలు ఉన్నాయి. గాయంలోకి బొగ్గుపొడి దిగి, మీద చర్మం మూసుకుంటే అవి చచ్చేదాకా పోవు. మామగారి మోచేతి మీద అచ్చం అలాంటివే. మొదటిసారి స్నానం చేయించినప్పుడు భర్త సబ్బు పట్టుకొని అలాగే నిలబడిపోయాడట. మా నాన్న కూడా గనివాడే అని చెబితే, ఆ ముసలాయన ఆనాటినుండి ఈయనను పని మనిషిగా చూడలేదు. మీ గనిలో పైకప్పుకు ఏం కొడతారు, గాలి ఎలా పంపుతారు, మూడు షిఫ్టులేనా అని అడిగేవాడు. ఫోనులో మామగారిని చూపిస్తే ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే మోచేతులు చూపించుకొని నవ్వుకున్నారు.

స్కాట్లండులో లోతుగనులన్నీ మూతపడ్డాయి. ఆఖరిది 2002 లో నీళ్లు నిండి మూసుకుపోయింది. దగ్గరలో న్యూటన్‌గ్రేంజ్ అనే ఊళ్లో ఒక పాత గనిని మ్యూజియం చేశారు. టికెట్టు కొని చూడాలి. పెద్దాయన ఒకరోజు, మీ ఊళ్లో బొగ్గు ఎన్నాళ్లు వస్తుందని అడిగాడు. భర్త చెప్పలేకపోయాడు. మా ఊళ్లోనూ అడగలేదు ఎవరూ, తీరా ఆగినరోజు పిల్లలకు చదువు తప్ప చేతిలో ఏమీ లేదు అన్నాడు. ఆయన కూతురు బడిపంతులమ్మ అయిందట. నిరుడు చలికాలంలో ఆ పెద్దాయన ప్రభువునందు నిద్రించాడు. అంత్యక్రియలకు ఆ కూతురు మా ముగ్గురినీ పిలిచి, కుటుంబంవాళ్లు కూర్చునే వరుసలో కూర్చోబెట్టింది.

సంఘం సంగతి కూడా రెండు మాటలు. మేము వెళ్లే స్కాట్లండు సంఘంలో ఆరాధనకు ముప్పైమంది వస్తే ఎక్కువ. అందరూ తెల్లజుట్టువాళ్లు. గుడి ఎంత పెద్దదో అంత ఖాళీ. మన డోర్నకల్ దేవాలయం, మందిరం మాదిరి స్తంభాలతో, మసీదు మాదిరి గుమ్మటాలతో, 1939 ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠించినది, క్రిస్మసుకు కిటకిటలాడే ఫొటో చూపిస్తే ఒక వృద్ధురాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె మమ్మల్ని ప్రతి నెలా ఒక ఆదివారం భోజనానికి పిలిచేది. ఆమె బంగాళదుంపల పులుసు, మా పులిహోర. కారానికి ముక్కు తుడుచుకుంటూ మళ్లీ వేయించుకునేది. 1910 లో అజరయ్యగారు లేదని చెప్పిన బల్ల అదే పట్టణంలో మాకు దొరికింది. దానికి ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. వచ్చేముందు ఆమెకు పెంబర్తి ఇత్తడి దీపస్తంభం ఇస్తున్నాం. జనగామ నుండి అత్తగారు పార్సిలు చేశారు.

ఇక తిరుగు ప్రయాణం. అప్పు ఈ వేసవికి తీరింది. భూమి కాగితాలు మామగారి పెట్టెలోకి వచ్చాయి. వాటితోపాటే ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి జనగామలో బి.ఇడి. కాలేజీ లెక్చరరు ఉద్యోగం. జీతం మంచిది, పుట్టింటికి పది నిమిషాలు, హైదరాబాదు రైలు ఉంది. రెండవది భూపాలపల్లిలో, ఒక చిన్న సంఘంవారు గూడేల పిల్లల కోసం నడిపే బడి. జీతం ఎంతని అడిగితే అయ్యగారు ఫోనులో కాస్త ఆగి, "ప్రార్థన చేస్తున్నాం" అన్నారు. ఆ మాటకు అర్థం మన చదువరులకు వివరించనక్కరలేదు.

వారం రోజులు మా ఇంట్లో సమాధానం లేదు. అత్తగారు జనగామ నుండి, "గంత దూరం పోయి సదివి, మల్ల రైలు గూడ లేని ఊరికి పోతవా బిడ్డా? ఈడ కాలేజీల నువ్వు వందమంది టీచర్లకు నేర్పితే వాళ్లు వెయ్యిమందికి నేర్పరా?" అన్నారు. ఆ వాదనలో బలం ఉంది. ఇప్పటికీ ఉంది. మామగారు మరీ కష్టమైన మాట అన్నారు. "నేను భూమి లోపటికి దిగింది మీరు మీదికెక్కాలెనని. ఎక్కినంక దిగుతమంటరేంది?" దానికి మా దగ్గర జవాబు లేదు. పాప సంగతి వేరే. దానికిప్పుడు ఏడేళ్లు. స్కాట్లండు యాసలో గడగడ మాట్లాడుతుంది. తెలుగు అర్థమవుతుంది గాని, అక్షరాలు రావు. ఇక్కడ ఒకటవ తరగతిలో ఇరవై అయిదుమంది పిల్లలను మించి ఉంచకూడదని నియమం. అక్కడ ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఇప్పుడు తరగతిలో భాష రాక నిలబడే పిల్ల మా పిల్లే. జనగామలోనైతే దానికి మంచి బడి ఉంది. మా తప్పు దిద్దుకోవడానికి దాని చదువు పణంగా పెట్టే హక్కు మాకుందా అని భర్త అడిగాడు. భార్య రెండు రోజులు మాట్లాడలేదు.

ఇది దర్శనం వచ్చి తీసుకున్న నిర్ణయం కాదు. ఉపవాస ప్రార్థన చేశాం. ఉత్తరువేమీ వినబడలేదు. చివరకు మేము కుదుర్చుకున్నది ఇది. మూడు సంవత్సరాలు భూపాలపల్లి. భర్త అక్కడే ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇల్లు ఆ జీతంతో గడవాలి. పాప తల్లి చెప్పే బడిలోనే, గూడెం పిల్లల పక్కనే కూర్చుంటుంది. మూడేళ్ల తర్వాత దాని చదువు చూసి మళ్లీ ఆలోచిస్తాం. జనగామ కాలేజీవారు వేసవి సెలవుల్లో వచ్చి నాలుగు పాఠాలు చెప్పమన్నారు, ఒప్పుకున్నాం. అత్తగారికి అది కొంత ఊరట. డోర్నకల్‌లో అజరయ్యగారి రోజుల్లో గ్రామ ఉపాధ్యాయులకు, పాస్టర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు భార్యలకు కూడా భర్తలతోపాటే తర్ఫీదు ఇచ్చేవారని మామగారికి గుర్తుచేస్తే, "అప్పుడు పెండ్లాలు మొగల వెంట పోయిండ్రు, ఇప్పుడు ఉల్టా" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. మా కోసం భూపాలపల్లి కాలనీలో రెండు గదులు కిరాయికి చూశారని తర్వాత వదిన చెప్పింది.

ఆ బాబు సంగతి అయ్యగారిని అడిగాం. ఇప్పుడు పన్నెండేళ్లు దాటి ఉంటాయి. ఆ గూడెం వాళ్లు అక్కడి నుండి లేచిపోయారట. ములుగు వైపు అడవిలోకి వెళ్లారని ఒకరు, మళ్లీ ఛత్తీస్‌గఢ్‌కే వెళ్లారని ఒకరు చెప్పారు. మిరప కోతలకు వచ్చేవాళ్లను అడిగి చూస్తామన్నారు. దొరకకపోవచ్చు. దొరికినా వాడు మాతో మాట్లాడకపోవచ్చు.

ఆ సంఘంలో కోయ సహోదరి ఒకామె ఉంది. బడిలో వంట చేస్తుంది. నెల రోజులుగా శనివారం పొద్దున ఆమెకు ఫోను చేసి మాటలు నేర్చుకుంటున్నాం. మేము చెప్పింది విని ఆమె పగలబడి నవ్వుతుంది. తర్వాత మెల్లగా మళ్లీ చెబుతుంది. మా ఇద్దరికంటే పాపకే త్వరగా వస్తోంది. నేర్చుకున్న మాటలు ఒక కాగితం మీద రాసి వంటింటి కుళాయి పైన అంటించాం. మొదటి వరుసలో "ఏరు" అని రాసింది పాపే, వంకర అక్షరాలతో. అది తెలుగులో రాసిన రెండో మాట. మొదటిది అమ్మమ్మ.

ఫ్లయిటు వచ్చే గురువారం. హైదరాబాదు నుండి జనగామలో ఒక రాత్రి, మానుకోటలో రెండు రాత్రులు, అక్కడి నుండి రైల్లో వరంగల్లు వచ్చి, పరకాల మీదుగా బస్సు. చలికోట్లు ఇక్కడే సంఘంలో ఇచ్చేస్తున్నాం, ఒక్క పాపది తప్ప.